కదిలే దిక్కు, బిగిసే దిక్కు

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద చలికాలమంతా గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. మేతకు వెళ్లి తిరిగొచ్చే గూడబాతు చెరువు దగ్గరికి రాగానే రెక్కలాడించడం ఆపేస్తుంది. గాలిలో జారుతూ ఒక వంపు తిరిగి కొమ్మ మీద వాలుతుంది. ఆ వంపు ఉన్నంతసేపే ఫొటో. అప్పుడు గట్టు మీద నిలబడ్డ ఫొటోగ్రాఫర్ల చేతులు గమనించండి. ఒకరు లెన్సు మీద చెయ్యి ఆనించి పక్షితోపాటు నెమ్మదిగా తిరుగుతుంటారు. పక్కనున్న ఆయన దగ్గర కూడా అదే లెన్సు, అంతే ఖరీదైన కెమెరా. అయినా ఆయన ఒక చేత్తో మర వదులు చేస్తూ, రెండో చేత్తో ముందుకు ఒరిగిపోతున్న లెన్సును ఆపుకుంటూ అవస్థ పడుతుంటారు. ఆయన ఫ్రేము కుదిరేసరికి పక్షి కొమ్మ మీద కూర్చుని ఉంటుంది. ఇద్దరికీ తేడా తెచ్చింది ట్రైపాడ్ కాళ్లకూ కెమెరాకూ మధ్యనున్న హెడ్.

ట్రైపాడ్ అంటే కెమెరాను కదలకుండా పట్టుకునేది అనుకుంటాం. అది కాళ్లు చేసే పని. హెడ్ పని కదలికలను ఎంచడం. కెమెరా మూడు విధాలుగా తిరుగుతుంది: ఎడమకూ కుడికీ తిరుగుతుంది, పైకీ కిందికీ వంగుతుంది, పక్కకు ఒరుగుతుంది. ఈ మూడింటిలో దేన్ని వదలాలి, దేన్ని బిగించాలి, వదిలినదాన్ని ఎంత బిగువుతో వదలాలి? ఒక్కో రకం హెడ్ ఈ ప్రశ్నకు ఒక్కో జవాబు. అందుకే దుకాణానికి వెళ్లి ‘మంచి హెడ్ ఏది?’ అని అడిగితే పనికొచ్చే సమాధానం రాదు. మనం తీసే ఫొటోకు ఏ కదలిక ప్రాణం, ఏ కదలిక శత్రువు అన్నది ముందు మనకు తేలాలి.

మొదట్లో ఈ బాధ్యత హెడ్‌ది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో పెద్ద చెక్క కెమెరాల్లో గాజు పలకల మీద ఫొటోలు తీసేవారు. ఆ తరహా కెమెరాల్లో కదలికలు చాలావరకు కెమెరాలోనే ఉండేవి. కెమెరాను వంచకుండానే లెన్సు పలకను పైకి జరపవచ్చు. చాలా వాటిలో వెనక పలకను కూడా కొంత వంచవచ్చు. ఎత్తైన కోట బురుజు తీయాలన్నా కెమెరా నిటారుగానే ఉండేది, లెన్సు మాత్రం పైకి జరిగేది. స్టాండు పైన చదునైన పలక, కెమెరాను బిగించడానికి ఒక మర ఉంటే సరిపోయేది. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకుని ఫోకస్ చూసిన మన ఊళ్ల పాత స్టూడియోల్లోనూ ఇంతే. 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో లైకా వచ్చింది. చేతిలో ఇమిడే ఆ కెమెరాలో లెన్సు, ఫిల్ము ఒకదానికొకటి బిగిసిపోయి ఉంటాయి. అంతవరకు కెమెరా చేసిన వంపుల పని స్టాండు మీదికి దిగింది. లైకా తయారుచేసిన లైట్జ్ కంపెనీయే దానికోసం చిన్న చిన్న బాల్ హెడ్లు కూడా చేసింది. ఇప్పుడు మనం వాడే హెడ్లలో చాలావాటి వెనక ఈ మార్పు ఉంది.

బాల్ హెడ్‌లో ఒక గుండు, దాన్ని చుట్టి పట్టుకునే గిన్నె ఉంటాయి. ఒక్క మర వదిలితే మూడు కదలికలూ ఒకేసారి వదులవుతాయి, బిగిస్తే మూడూ ఒకేసారి ఆగుతాయి. ఇంత త్వరగా ఫ్రేము కుదిర్చే హెడ్ ఇంకొకటి లేదు. సంచిలో తక్కువ చోటు తీసుకుంటుంది, పిడులు పొడుచుకురావు. ప్రయాణాలకు, ప్రకృతి దృశ్యాలకు, మనుషుల ఫొటోలకు ఇది సరిగ్గా సరిపోతుంది. గండికోటలో తెల్లవారుజామున పెన్నా లోయ అంచున రాళ్ల మధ్య నిలబడితే, వెలుగు మారే కొద్దీ ఫ్రేము మార్చాలి. అక్కడ మూడు పిడులు విడివిడిగా తిప్పుతూ కూర్చుంటే ఎండ వచ్చేస్తుంది.

కానీ ఈ సౌకర్యానికి మూల్యం ఉంది. మూడూ కలిసే వదులవుతాయి కాబట్టి, హొరైజన్ కొంచెం ఒరిగిందని సరిచేయబోతే అప్పటిదాకా కుదిరిన పైకీ కిందికీ వంపు కూడా చెదురుతుంది. అందుకే మంచి బాల్ హెడ్‌కు ప్రధాన మరతోపాటు బిగువు నియంత్రించే చిన్న మర కూడా ఉంటుంది. మన కెమెరా, లెన్సుల బరువుకు తగినంత బిగువు దానితో ముందే పెట్టుకోవాలి. అప్పుడు ప్రధాన మర వదిలినా లెన్సు ధబ్బున పడదు, చేత్తో కదిపితే కదులుతుంది, వదిలితే అక్కడే ఆగుతుంది. ఈ చిన్న మర జోలికి వెళ్లకుండా ఏళ్ల తరబడి బాల్ హెడ్ వాడేవాళ్లను చూస్తుంటాను. వాళ్లు కొన్న వస్తువులో సగం వాడకుండా వదిలేసినట్టే. ఇంకొక పరీక్ష: ఫ్రేము కుదిర్చి మర బిగించాక చెయ్యి తీసి చూడండి. నాసిరకం హెడ్‌లో ఫ్రేము వెంట్రుకవాసి కిందికి జారుతుంది. వైడ్ లెన్సులో అది కనపడదు. పొడవైన లెన్సులో పక్షి తల ఫ్రేము దాటిపోతుంది. నా మట్టుకు నాకు, చవక బాల్ హెడ్ కొనడం కన్నా అదే డబ్బుకు వచ్చే, ఒక్కో కదలికకు ఒక్కో పిడి ఉండే మామూలు పాన్-టిల్ట్ హెడ్ కొనడం మేలనిపిస్తుంది. గుండు నున్నగా, గుండ్రంగా, కచ్చితంగా చెక్కడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు తగ్గించుకున్న చోటే బిగువు పోతుంది.

గండికోట లాంటి చోట లోయ ఈ చివర నుంచి ఆ చివర దాకా వరుసగా ఫొటోలు తీసి కలపాలనిపిస్తుంది. ఇక్కడ బాల్ హెడ్ ఇంకో చిక్కు తెస్తుంది. చాలా బాల్ హెడ్లలో గుండ్రంగా తిరిగే భాగం గుండు కింద ఉంటుంది. రాళ్ల మీద కాళ్లు సమంగా లేకపోతే ఆ కింది భాగమూ వాలి ఉంటుంది. మొదటి ఫ్రేములో హొరైజన్ సరిగా ఉన్నా, తిప్పుతున్న కొద్దీ ఎక్కుతూనో దిగుతూనో పోతుంది. కెమెరాను పట్టుకునే క్లాంపు కిందే తిరిగే భాగం ఉన్న హెడ్ తీసుకుంటే, గుండుతో పైభాగం సమం చేసుకుని ఆపైన తిప్పవచ్చు. అదీ కాకపోతే హెడ్ కింద లెవెలింగ్ బేస్ పెట్టుకోవాలి. ముందు దగ్గరలో బండరాళ్లు, వెనక దూరంగా కొండలు ఉన్న దృశ్యమైతే ఇంకా జాగ్రత్త కావాలి. కెమెరా తన మర మీద తిరిగితే దగ్గరి వస్తువులు దూరపు వాటితో పోలిస్తే చోటు మారుతాయి, ఫొటోలు అతకవు. లెన్సులోకి వెలుగు ప్రవేశించే రంధ్రం కనపడే చోటు చుట్టూ తిరగాలి. అందుకు కెమెరాను పట్టాల మీద వెనక్కి జరిపే హెడ్లున్నాయి. ఒక కర్ర దగ్గరగా, ఒకటి దూరంగా ఒకే వరసలో నిలబెట్టి కెమెరాను ఎడమకూ కుడికీ తిప్పండి. రెండు కర్రలూ ఒకదాని వెనక ఒకటి విడిపోకుండా ఉండే దాకా జరుపుకుంటే చాలు. అన్నీ దూరపు వస్తువులే అయితే ఈ శ్రమ అక్కర్లేదు.

తొందర లేని ఫొటోలు వేరు. వాటికి ఒక్కో కదలికను విడిగా బిగించే హెడ్ కావాలి.

రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిలో స్తంభాల వరసను తీయబోతే మొదట కనపడే సమస్య నిలువు గీతలది. కెమెరా కొంచెం పైకి ఎత్తితే చాలు, స్తంభాలు పైన దగ్గరగా జరిగి లోపలికి వాలినట్టు వస్తాయి. ఒక పక్కకు ఒరిగితే మంటపం మొత్తం వాలుతుంది. కప్పు కింద మూలల్లో నల్లరాతి మదనికల్ని తీసేటప్పుడూ ఇంతే. పాన్-టిల్ట్ హెడ్‌లో మూడు కదలికలకు మూడు పిడులు. ముందు ఒరుగు సరిచేసి బిగించవచ్చు, తర్వాత వంపు, ఆఖరున ఎడమ-కుడి. ఒకటి సరిచేస్తుంటే ఇంకొకటి కదలదు. దీనికన్నా నిదానమైనది గేర్డ్ హెడ్. ఇందులో పిడి తిప్పితే పళ్ల చక్రం కొద్దికొద్దిగా కదులుతుంది. వదిలిన చోట అదే ఆగుతుంది, విడిగా బిగించే పని లేదు. స్తంభం అంచును ఫ్రేము అంచుకు సమాంతరంగా తేవడానికి డిగ్రీలో చిన్న భాగం కదిపితే సరిపోతుంది. చేత్తో అంత చిన్న కదలిక సాధ్యం కాదు, పళ్ల చక్రంతో సాధ్యం. కట్టడాలు, నగలు, పుస్తకాల కోసం వస్తువులను తీసేవాళ్లు ఒకసారి గేర్డ్ హెడ్ వాడితే మళ్లీ బాల్ హెడ్ వైపు చూడరు. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, మెట్లెక్కి మోయడం కష్టం. అయినా రాతిలో శిల్పి పెట్టిన సరళరేఖను సరళరేఖగానే చూపించడం ఆ శిల్పి పట్ల మనకున్న బాధ్యత అని నేను నమ్ముతాను.

లేపాక్షి నాట్యమంటపం కప్పు మీది చిత్రాలు తీయడం ఇంకో రకం పరీక్ష. లెన్సు నేరుగా పైకి చూడాలి. మామూలు పాన్-టిల్ట్ హెడ్లలో చాలావాటికి ముందుకు 90 డిగ్రీలు వంగే వీలుంటుంది కానీ వెనక్కి కొద్దిగానే వంగుతాయి, పిడి అడ్డం వస్తుంది. అప్పుడు కెమెరాను హెడ్ మీద వెనక్కి తిప్పి బిగించాలి. హెడ్ ముందుకు వంగే వైపు కెమెరాకు వెనక అవుతుంది, లెన్సు తేలిగ్గా కప్పును చూస్తుంది. ఇంత తేలికైన ఉపాయం తెలియక నేల మీద వెల్లకిలా పడుకుని తీసేవారున్నారు. ఒక మాట: పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఇలాంటి కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. రాతి నేల మీద ఇనుప ములుకులున్న కాళ్లు పెట్టకూడదన్నది అనుమతి ఉన్నా పాటించవలసిన మర్యాద. రబ్బరు కాళ్లు వాడాలి.

పురుగులు, పూలు తీసే మాక్రో ఫొటోగ్రఫీ కూడా ఈ తొందర లేని ఫొటోల కుటుంబమే. అసలు పరిమాణంలో పురుగు సెన్సరు మీద పడేంత దగ్గరికి వెళ్తే, ఎఫ్/11 దగ్గర కూడా స్ఫుటంగా వచ్చే లోతు దాదాపు మిల్లీమీటరే. బాల్ హెడ్ బిగించినప్పుడు వచ్చే వెంట్రుకవాసి జారుడు ఇక్కడ కన్నును వదిలేసి కాలిని ఫోకస్‌లో పెడుతుంది. గేర్డ్ హెడ్, దాని మీద ముందుకూ వెనక్కీ జరిగే ఫోకసింగ్ రైలు ఉంటే పని కుదురుతుంది. అయితే ఇది తెల్లవారి మంచులో తడిసి కదలని సీతాకోకచిలుకకే. ఎండెక్కి ఎగరడం మొదలుపెడితే ట్రైపాడ్ పక్కన పెట్టి చేత్తో తీయడమే మంచిది.

మళ్లీ పక్షుల దగ్గరికి. 150–600 జూమ్ లెన్సు ఒక్కటే రెండు కిలోల దాకా ఉంటుంది, 600 ఎఫ్/4 ఇంకా ఎక్కువ. ఇంత బరువు బాల్ హెడ్ గుండు పైన నిలబడితే, మర వదలగానే ఏదో ఒక పక్కకు పడుతుంది. బిగిస్తే పక్షి వెంట తిరగదు. బరువు తిరిగే బిందువుకు పైన ఉండటమే ఇక్కడి చిక్కు. అమెరికాలో వింబర్లీ పేరుతో వచ్చి 1990లలో పక్షి ఫొటోగ్రాఫర్ల మధ్య పాకిన గింబల్ హెడ్ ఈ అమరికనే తిరగేసింది. లెన్సు ఊయలలో వేలాడినట్టు ఉంటుంది, తిరిగే ఇరుసు లెన్సు బరువు కేంద్రం గుండా పోతుంది. బరువు ఏ పక్కకూ లాగదు. ఏ మరా బిగించకుండానే లెన్సు వదిలిన చోట నిలబడుతుంది, వేలితో నెడితే తిరుగుతుంది. ఇక్కడ కదలికను ఆపడం అసలు ఉద్దేశమే కాదు. పక్కకు ఒరగడం ఒక్కటే హెడ్ ఆపుతుంది, మిగిలిన రెండూ మనవి. అడ్డాన్ని నిలువుగా మార్చుకోవాలంటే లెన్సు కాలరు తిప్పుకోవాలి.

కానీ గింబల్ కొన్న చాలామంది దాన్ని తూకం వేసుకోరు. అది కొన్న లాభం అక్కడే పోతుంది. పద్ధతి ఇది. ముందు నిలువు తూకం: కెమెరా, లెన్సు, హుడ్ అన్నీ బిగించి, లెన్సును 45 డిగ్రీలు పైకి వంచి వదలండి. అక్కడే ఆగకుండా పైకో కిందికో పోతే, లెన్సు కూర్చున్న తొట్టె ఎత్తు మార్చాలి. లెన్సు మధ్యగీత ఇరుసుకు సరిగ్గా ఎదురుగా రావాలి. తర్వాత ముందు-వెనక తూకం: లెన్సును సమంగా ఉంచి వదిలితే ముందు దిగుతోందా, వెనక దిగుతోందా? లెన్సు కింద బిగించిన ప్లేటును క్లాంపులో ముందుకో వెనక్కో జరపండి. కుదిరాక ఆ చోట ప్లేటు మీద చిన్న గుర్తు పెట్టుకోండి, చీకట్లో వచ్చినా వెంటనే సరిపోతుంది. జూమ్ చేస్తే ముందుకు సాగే లెన్సులతో తూకం కొంత మారుతుంది. ఎక్కువగా వాడే ఫోకల్ లెంగ్త్ దగ్గర తూకం వేసుకుని, మిగిలిన తేడాకు మర కొద్దిగా బిగించుకోవాలి. లోపలే జూమ్ అయ్యే లెన్సులకు ఈ బాధ తక్కువ. తీస్తున్నంతసేపు ఎడమ చెయ్యి లెన్సు మీద ఆనించి, కన్ను వ్యూఫైండరుకు గట్టిగా ఆనించి ఉంచితే మన శరీరమే కంపనాన్ని పీల్చుకుంటుంది.

కొల్లేరులో ఆటపాక వైపు పడవలో తిరిగి తీసేవాళ్లకు మాత్రం గింబల్ కూడా సగమే సాయం. పడవ ఊగితే ట్రైపాడ్ కాళ్లూ ఊగుతాయి. అంచు మీద గింజలు నింపిన సంచి వేసి దాని మీద లెన్సు ఆనించడం అక్కడ ఎక్కువ పని చేస్తుంది. అడవిలో జీపు కిటికీ మీద కూడా అంతే.

ఇక సినిమా, వీడియో. వీడియోలో కదలిక కూడా చిత్రంలో భాగమే, ప్రేక్షకుడికి కనపడుతుంది. ఆరంభం, వేగం, ఆగడం మూడూ నున్నగా ఉండాలి. ఆస్ట్రేలియాలో ఎరిక్ మిల్లర్ 1940లలో రూపొందించిన ఫ్లూయిడ్ హెడ్ దీనికి దారి చూపింది. లోపల పలకల మధ్య చిక్కటి ద్రవం ఉంటుంది. తిప్పుతుంటే అది ఒకే రకంగా అడ్డుపడుతుంది, చేతిలోని చిన్న వణుకును మింగేస్తుంది. మంచి హెడ్‌లో ఈ అడ్డును పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కెమెరా వంగినప్పుడు బరువుకు ఎదురు తోసే స్ప్రింగు కూడా ఉంటుంది. పెళ్లి వీడియోల్లో మంటపం ఈ చివర నుంచి ఆ చివరకు కెమెరా తిప్పేటప్పుడు మధ్యలో కుదుపులు కనిపిస్తే, చాలాసార్లు కారణం ఫ్లూయిడ్ అన్న పేరు మాత్రమే ఉండి లోపల వట్టి రాపిడితో పనిచేసే హెడ్. తిప్పే మనిషి నిలబడే తీరూ ముఖ్యమే. కెమెరా ఎక్కడ ఆగాలో ఆ వైపు పాదాలు పెట్టి, నడుమును మొదటి ఫ్రేము వైపు మెలితిప్పి మొదలుపెట్టాలి. అప్పుడు తిరుగుతున్న కొద్దీ శరీరం సడలుతుంది, ఆఖరి ఫ్రేము స్థిరంగా ఆగుతుంది. దీనికి పూర్తిగా ఎదురు కొస ట్రిక్కు షాట్లు. మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణంలో వచ్చిన ‘మాయాబజార్’ (1957)లో ఒక రూపం మాయమై ఇంకొకటి ప్రత్యక్షమవుతుంది. అలాంటివి కెమెరాలోనే సాధించాలంటే రెండు భాగాల మధ్య ఫ్రేము చెక్కు చెదరకూడదు. అక్కడ హెడ్ గొప్పతనం బిగువులోనే ఉంది.

రాత్రి ఆకాశం తీసేవాళ్లకు మామూలుగా బాల్ హెడ్ చాలు. పాలపుంత మధ్యభాగం హైదరాబాద్ అక్షాంశంలో దక్షిణాన దాదాపు 44 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. నిలువు ఫ్రేములో అది బాగా ఇముడుతుంది. నిలువుగా పెట్టాలని గుండును పక్క గాడిలోకి పడేస్తే బరువు ట్రైపాడ్ మధ్య నుంచి పక్కకు పోతుంది. కెమెరాకు ఎల్-ప్లేటు వేస్తే గుండు నిటారుగానే ఉంటుంది. నక్షత్రాల వెంట తిరిగే ట్రాకరు వాడేవారికి మన దగ్గర ఒక ప్రత్యేకత ఉంది. ధ్రువ నక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశంతో దాదాపు సమానం: హైదరాబాద్‌లో సుమారు 17 డిగ్రీలు, తిరుపతిలో 14 లోపే. ఇంత కిందికి చూడాలంటే ఉత్తరాన చెట్లు, కొండలు లేని చోటు వెతుక్కోవాలి. ట్రాకరు కింద మామూలు బాల్ హెడ్ కాకుండా అక్షాంశాన్ని గేరుతో మార్చే వెడ్జ్ పెట్టుకోవాలి. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, కాబట్టి ఇక్కడ చిన్న పొరపాటు కూడా నక్షత్రాన్ని గీతగా మారుస్తుంది. చీకట్లో వాడే హెడ్‌కు మరలన్నీ వేర్వేరు ఆకారంలో ఉండాలి. వేలికి తగిలేది ఏ మరో తెలియక తప్పు మర వదిలితే కెమెరా ముక్కు నేలకు కొడుతుంది.

ఏ హెడ్ అయినా కెమెరాను పట్టుకునేది క్లాంపే. ఆర్కా-స్విస్ తరహా పావురంతోక గాడి ఇప్పుడు దాదాపు అందరూ వాడుతున్నారు. కానీ ఒక్కో తయారీదారు ప్లేటు వెడల్పు కొద్దిగా మారుతుంది. లివర్‌తో మూసుకునే క్లాంపు ఒక ప్లేటును గట్టిగా పట్టి, ఇంకోదాన్ని వదులుగా పట్టవచ్చు. వేర్వేరు ప్లేట్లు వాడేవాళ్లకు మరతో బిగిసే క్లాంపే నమ్మకం. ప్లేటు కింద జారకుండా ఆపే చిన్న స్క్రూలు తీసేయకండి. హెడ్ పెట్టె మీద రాసిన కిలోల సంఖ్యకు తయారీదారులందరూ పాటించే ఒకే ప్రమాణం లేదు. నిటారుగా నిలబెట్టిన బరువుకూ, పక్కకు వాలిన పొడవైన లెన్సు లాగే బలానికీ చాలా తేడా ఉంటుంది. మీ సామగ్రి బరువు కన్నా కనీసం రెట్టింపు రాసి ఉన్నది తీసుకోవడం నా అలవాటు. పులికాట్ తీరంలో పనిచేసి వచ్చాక ఉప్పునూ ఇసుకనూ తడి గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టాలి. బాల్ హెడ్ గుండుకు నూనె, గ్రీజు పూయకూడదు, పట్టు రాపిడి మీదే ఆధారపడి ఉంటుంది.

కొనేటప్పుడు మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన లెన్సు, కెమెరా వెంట తీసుకెళ్లండి. దుకాణంలోనే హెడ్ మీద బిగించి, ఎదురుగా గోడ మీది చిన్న అక్షరం ఏదైనా ఫ్రేము మధ్యలో పెట్టి, లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, మర బిగించి చెయ్యి తీయండి. అక్షరం ఎంత జారిందో చూడండి. తర్వాత లెన్సు ముందు భాగాన్ని వేలితో తట్టి, ఎంతసేపటికి వణుకు ఆగుతుందో చూడండి. ఈ రెండు పరీక్షలకూ దుకాణదారుకు ఓపిక లేకపోతే ఇంకో దుకాణానికి వెళ్లండి.